అల్లం, శొంఠి, సుక్కు: మద్రాసు తెలుగిళ్ళలో వికారపు మందుల కథ

వాంతికి ముందు వచ్చే బాధకి మన భాషలో పేర్లు చాలానే ఉన్నాయి. వికారం, డోకు, ఓకరింపు, వెగటు, కడుపులో తిప్పడం, నోట్లో నీళ్ళూరడం. గర్భిణికి వస్తే దాని పేరే వేరు, వేవిళ్ళు అంటాం. తరాలుగా చెన్నైలో ఉంటున్న మా ఇంట్లో వీటికి తోడు ఇంకో రెండు మాటలు చేరాయి. ఒకటి పక్కింటివాళ్ళ దగ్గర నేర్చిన తమిళ ‘కుమట్టల్’. రెండోది కన్నడ మీడియంలో చదువుకున్న మా తరం బడి నుంచి తెచ్చుకున్న ‘వాకరికె’.

మందుల సంగతీ ఇలాగే ఉంది. అవ్వ చెప్పిన చిట్కాలన్నీ ఊరి నుంచి మూట కట్టుకొచ్చినవే అని మనం అనుకుంటాం. ఒక్కొక్కటీ ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే వాటిలో చాలా భాగం మద్రాసులోనే మన చేతికొచ్చినవని తేలింది. తెలుగు వైద్యులు, తమిళ నాటు మందుల అంగళ్ళు, దక్కనీ మాట్లాడే హకీములు, ఇంగ్లీషు డాక్టర్లు అందరూ ఒకే ఊళ్ళో, నాలుగు వీధుల దూరంలో పనిచేసిన కాలం అది. ఆ కథని మన పిల్లల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. ఇది వైద్య సలహా కాదు, ఇంటి చరిత్ర. అయినా ఏది ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆపాలో కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

పోపుల డబ్బాలో మందులు

మనకు పోపుల డబ్బా ఉన్నట్టే తమిళిళ్ళలో అంజరై పెట్టి ఉంటుంది. అంటే అయిదు అరల పెట్టె. జీలకర్ర, మిరియాలు, ధనియాలు, మెంతులు, ఆవాలు అందులో ఉంటాయి. వంటకి తెరిచే పెట్టెనే కడుపు బాగలేనప్పుడూ తెరుస్తారు. మా ఇళ్ళలో నడిచిన పద్ధతి చూస్తే, పెద్దవాళ్ళు ముందు ‘ఎందుకు తిప్పుతోంది’ అని అడిగేవాళ్ళు. మందు ఆ తర్వాత.

పెళ్ళి భోజనం తిని వచ్చి అరగలేదంటే అల్లం. ముక్క దంచి, రసం పిండి, కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. దాన్ని వదిలేసి పైన తేరిన రసం ఒక చెంచా తీసి, నిమ్మరసం, తేనె కలిపి ఇచ్చేవాళ్ళు. పొట్ట ఉబ్బి తేన్పులు వస్తుంటే వాము వేసి కాచిన నీళ్ళు. ఎండలో తిరిగి, వేళకి తినక, తల తిరిగి వచ్చే వికారాన్ని ‘పైత్యం చేసింది’ అనేవాళ్ళు. దానికి ధనియాలు, జీలకర్ర కషాయం, లేదంటే ఉప్పులో ఊరి ఎండిన దబ్బకాయ ముక్క నాలిక మీద. తమిళంలో దీన్నే నార్తంగాయ్ అంటారు. చెన్నైలో ఇప్పటికీ పత్యం భోజనంలో పెరుగన్నం పక్కన ఇదే ఉంటుంది.

వాంతులు మొదలైపోయాక మాత్రం ఘాటైనవి ఏవీ పెట్టేవాళ్ళు కారు. పేలాలు నానబెట్టిన నీళ్ళు, ఏలకుల పొడి, కొంచెం పటిక బెల్లం. అది కూడా గ్లాసుతో కాదు, చెంచాతో. తాగింది నిలిస్తే ఇంకో చెంచా. ఆ తర్వాత గంజి, తర్వాత మజ్జిగ, చివరికి మెత్తటి అన్నం.

ఈ ‘ఎందుకు’ అనే ప్రశ్న చాలా పాతది. చరక సంహితలో వాంతిని ఛర్ది అంటారు. దాన్ని అయిదు రకాలుగా చెప్పారు. వాతం, పిత్తం, కఫం, మూడూ కలిసినది, అయిదోది ఇష్టం లేనిదాన్ని చూడడం వల్ల, వాసన చూడడం వల్ల వచ్చేది. సుశ్రుతుడు గర్భిణి వాంతుల్ని, కడుపులో పురుగుల వల్ల వచ్చేవాటిని కూడా విడిగా గుర్తించాడు. అసహ్యం వల్ల వచ్చే వాంతికి కడుపులోకి మందు అక్కరలేదు, ముక్కుకి వేరే వాసన చాలు. బస్సులో అమ్మ చేతిలో పెట్టే నిమ్మకాయ వెనక ఇంత పాత తర్కం ఉంది. తెలుగు నేల మీద వైద్యులు చేతిపుస్తకంగా వాడుకున్న బసవరాజీయం కూడా ఈ సంప్రదాయంలోదే. సంస్కృతం, తెలుగు కలిసి ఉన్న వైద్య గ్రంథం అది.

జార్జిటౌనులో తెలుగు వైద్యులు

పుస్తకంలోని వైద్యం ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలియాలంటే కొత్వాల్ చావడికి పోవాలి. 1996లో కోయంబేడుకి మారిపోయే దాకా మద్రాసు కూరగాయల మార్కెట్టు అక్కడే. పక్కనే ఆర్యవైశ్యుల కన్యకా పరమేశ్వరి అమ్మవారి గుడి. ఆ దేవస్థానం ధర్మంగా నడిపిన ఆయుర్వేద వైద్యశాలలో పనిచేసినవారు పండిత దివి గోపాలాచార్యులు. బందరులో పుట్టి, మైసూరులో ఆయుర్వేదం చదివి, మద్రాసులో స్థిరపడ్డారు. కన్నడ నేల మీద చదివి చెన్నైలో బతుకుతున్న మాకు ఈ దారి చూస్తే ఎక్కడో సొంతవాళ్ళని చూసినట్టు ఉంటుంది. ప్లేగు రోజుల్లో ఆయన తయారుచేసిన హైమాది పానకం, శతధౌత ఘృతం పేరు పొందాయి. శతధౌత ఘృతం అంటే నూరుసార్లు నీళ్ళతో కడిగిన నెయ్యి. 1920లో ఆయన పోయేనాటికి మద్రాసులో ఆయుర్వేదం నేర్పే కళాశాల ఉంది, అందులో చదివి బయటికొచ్చిన శిష్యులున్నారు.

వాళ్ళలో ఒకరు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఆయన ముందు ఇంగ్లీషు వైద్యం చదివి డాక్టరయ్యారు, ఆ తర్వాత ఆయుర్వేదం వైపు వచ్చారు. ఆవడి దగ్గర ఆరోగ్యాశ్రమం పెట్టి పథ్యం, వ్యాయామం, ఇంటి వైద్యం గురించి జీవితమంతా రాశారు, చెప్పారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు, 1946లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి అయ్యారు. ఎగ్మూరులో మార్షల్స్ రోడ్డుకి ఇప్పుడు ఆమె పేరే. ఆ దారిన రోజూ ఆఫీసు బస్సులో పోయే తెలుగువాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

రాయపేటలో కేసరి కుటీరం ఇంకో మెట్టు. ఒంగోలు ప్రాంతం నుంచి చిన్నతనంలోనే బతుకుతెరువుకి మద్రాసు వచ్చిన కోట నరసింహం, కె.ఎన్. కేసరిగా పేరు పొందారు. ఆడవాళ్ళ ఆరోగ్యానికని ఆయన అమ్మిన ‘లోధ్ర’ తెలుగిళ్ళన్నిటికీ పోస్టులో వెళ్ళేది. 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక మొదలుపెట్టి, ఆడవాళ్ళ రాతల్ని, మందుల ప్రకటనల్ని ఒకే చోట అచ్చేశారు. అమృతాంజనం కూడా ఈ వరసలోదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. 1914లో కంపెనీ మద్రాసుకి వచ్చింది. అది తలనొప్పి మందే అయినా, బస్సులో కడుపు తిప్పితే మూత తీసి వాసన చూడడం మన ఇళ్ళలో వాడుక. హైదరాబాదు బంధువులు వస్తే వాళ్ళ సంచిలో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా ఉండేది. రెండు చుక్కలు నీళ్ళలో వేసుకుంటే వాంతి ఆగుతుందని వాళ్ళ నమ్మకం. అందులోని థైమాల్ అనే పదార్థం మన వాములో కూడా ఉంటుంది. అమృతాంజనం, తిలిస్మాత్, వాము నీళ్ళు వేరువేరు మందులనుకుంటాం గానీ ఘాటైన వాసనతో పనిచేయడంలో మూడూ దగ్గరి చుట్టాలే.

ఈ వైద్యం నిజంగా పనిచేస్తుందా అనే వాదం కూడా అప్పుడే ఇక్కడే నడిచింది. 1918లో మద్రాసు ప్రభుత్వం నాటు మందుల్ని పరిశీలించమని డాక్టర్ కోమన్‌ని నియమించింది. ఆయన నివేదికలు నచ్చని వైద్యులు గట్టిగా జవాబు రాశారు. మందుని దాని పథ్యం నుంచి, వాడే పద్ధతి నుంచి విడదీసి పరీక్షిస్తే సరైన ఫలితం రాదని వాళ్ళ మాట. 1921లో పానగల్ రాజా పానగంటి రామరాయణింగారు ఫస్ట్ మినిస్టరుగా ఉన్నప్పుడు ఉస్మాన్ కమిటీ వేశారు. అది 1923లో దేశీయ వైద్యానికి అనుకూలంగా నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగానే కీల్పాక్‌లో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో ఉన్న మాకు ఈ వాదం కొత్తగా అనిపించలేదు. దేన్ని పరీక్షిస్తున్నామో, ఏ పరిస్థితిలో పరీక్షిస్తున్నామో ముందు రాసుకోకపోతే వచ్చిన ఫలితానికి అర్థం ఉండదు.

ఒకే పేరు, రెండు సరుకులు

ఇప్పుడు మన ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, పేర్లు.

తెలుగులో పచ్చిది అల్లం, ఎండినది శొంఠి. తమిళంలో పచ్చిది ఇంజి, ఎండినది సుక్కు. కన్నడలో మాత్రం రెండూ శుంఠియే. పచ్చిదైతే హసి శుంఠి, ఎండితే ఒణ శుంఠి. మాట్లాడేటప్పుడు మొదటి మాట తరచుగా ఎగిరిపోతుంది. బెంగళూరు పెద్దమ్మ ఫోనులో ‘ఒక చెంచా శుంఠి వెయ్యి’ అంటే ఆవిడ మనసులో ఉన్నది తురిమిన పచ్చి అల్లం. చెన్నైలో వింటున్న కోడలు శొంఠి పొడి డబ్బా తీస్తుంది. పచ్చి అల్లంలో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళే. పైగా ఎండేటప్పుడు అందులోని జింజెరాల్ కొంత షోగోల్‌గా మారి ఘాటు పెరుగుతుంది. అంటే ఆ ఒక్క మాటతో మందు మోతాదు నాలుగైదు రెట్లు పెరిగిపోతుంది. పెద్దవాళ్ళకైతే గొంతు మండుతుంది, అంతే. చిన్నపిల్లలకి, గర్భిణికి, రక్తం పలచబడే మందులు వాడే తాతకి ఈ తేడా చిన్నది కాదు.

మిగతావి కూడా చెప్పుకుందాం. వాము తమిళంలో ఓమం, కన్నడలో ఓమ. జీలకర్ర సీరగం, జీరిగె. ధనియాలు కొత్తమల్లి, కొత్తంబరి. పేలాలు నెల్ పొరి, అరళు. వేవిళ్ళు తమిళంలో మసక్కై, కన్నడలో బయకె.

ఈ పేర్ల గొడవ మనతో మొదలవలేదు. మద్రాసు సైన్యంలో సర్జనుగా ఉన్న వైట్‌లా ఐన్స్లీ 1813లో మద్రాసులోనే ‘మెటీరియా మెడికా ఆఫ్ హిందూస్తాన్’ అచ్చేశాడు. బజారులో దొరికే మందు సరుకులకి తమిళం, తెలుగు, దక్కనీ పేర్లు పక్కపక్కన ఇచ్చాడు. ట్రిప్లికేను డిస్పెన్సరీలో పనిచేసిన మూదీన్ షెరీఫ్ ఇంకా ముందుకి వెళ్ళాడు. 1868లో ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’ వచ్చిన మరుసటి ఏడే దానికి అనుబంధం రాశాడు. అందులో ప్రధానమైన పని పేర్లు సరిచూడడమే. అంగట్లో ఒక పేరు చెబితే ఏ సరుకు చేతికొస్తుందో భాషవారీగా రాసి పెట్టాడు. తెలుగులో 1880లలో వచ్చిన ఎర్ర వెంకటస్వామి ‘వస్తుగుణదీపిక’ ఇదే పనిని తెలుగు పాఠకుల కోసం చేసింది. ఏ వస్తువుకి ఏ గుణమో అందులో చూసుకోవచ్చు.

పార్క్ టౌనులో కందస్వామి గుడి దగ్గర రాసప్ప చెట్టి వీధికి పోతే ఇప్పటికీ నాటు మందుల అంగళ్ళ వరస ఉంటుంది. మైలాపూరు కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కడై కూడా 19వ శతాబ్దంలో మొదలైనదే, సరుకులు పెట్టే డబ్బాల వల్లే దానికి ఆ పేరు. అక్కడ శొంఠి అన్నా, సుక్కు అన్నా, సోంఠ్ అన్నా అంగడివాళ్ళకి తెలుస్తుంది. మన ఫోనుల్లోని సరుకుల యాప్‌కి అంత భాషాజ్ఞానం లేదు.

దీపావళి లేహ్యం, కొండ బస్సు

ఆంధ్రలో ఉన్న మన చుట్టాలు చెన్నైకి దీపావళికి వస్తే ఒకదానికి ఆశ్చర్యపోతారు. తెల్లవారుజామున తలంటు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకున్నాక, మిఠాయి కంటే ముందు నల్లటి లేహ్యం ఒక గోళీ అంత చేతిలో పడుతుంది. దాన్ని దీపావళి మరుందు అంటారు. శొంఠి, మోడి, మిరియాలు, ధనియాలు, జీలకర్ర, వాము దంచి, అల్లం రసం, బెల్లం, నెయ్యి, తేనెతో దగ్గరగా ఉడికిస్తారు. రోజంతా తినబోయే నూనె సరుకులకీ తీపికీ కడుపుని ముందే సిద్ధం చేయడం దీని పని. ఇది తమిళుల ఆచారం. తెలుగు జిల్లాల్లో లేదు. బాలింతకి కాయం పెట్టే అలవాటున్న మన ఆడవాళ్ళకి ఈ లేహ్యం కొత్తగా తోచలేదు. సరుకులు దాదాపు అవే. అందుకే మద్రాసు తెలుగిళ్ళలో ఇది ఇంత తేలిగ్గా కలిసిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు లేహ్యం లేని దీపావళి లేదు.

ఇంకొకటి ప్రయాణం వాంతి. ఇది కొంత కొత్త జబ్బు. తిరుమలకి 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. అంతకు ముందు కొండ ఎక్కడమంటే నడక, లేదా డోలీ. బస్సు వచ్చాక మద్రాసు నుంచి ఒక్క రోజులో దర్శనం చేసుకుని రావడం వీలైంది. దాంతో పాటే మలుపుల్లో వాంతులూ వచ్చాయి. కళ్ళు సీటుని చూస్తూ ‘కదలడం లేదు’ అంటాయి, చెవి లోపలి భాగం ‘తిరుగుతున్నాం’ అంటుంది. ఆ రెండింటి గొడవలో కడుపు తిరగబడుతుంది. దీనికి పెద్దవాళ్ళు పాత మందునే కొత్తగా వాడారు. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నిండుగానూ తినొద్దు, రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో కూర్చో, దూరంగా కొండని చూడు. బుగ్గన అల్లం మురబ్బా పెట్టుకో. తమిళనాడు బస్టాండుల్లో ఈ ఇంజి మురబ్బా అమ్మేవాళ్ళు బస్సెక్కి మరీ అమ్ముతారు. ఎండిన అల్లం బిళ్ళలా ఉంటుంది, తీపీ ఘాటూ కలిసి. కొండకి పోయే సంచిలో ఇది, నిమ్మకాయలు, పాత పేపరు, ప్లాస్టిక్ కవర్లు తప్పనిసరి.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

అల్లం మన అదృష్టం కొద్దీ పరీక్షకు నిలిచింది. 1982లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కడుపు తిప్పే గుణం ఎక్కువగా ఉన్న 36 మంది విద్యార్థుల్ని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి పొడి తీసుకున్నవాళ్ళు, అప్పట్లో వాడుకలో ఉన్న డైమెన్‌హైడ్రినేట్ మాత్ర తీసుకున్నవాళ్ళ కంటే ఎక్కువసేపు తట్టుకున్నారు. తర్వాతి ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ప్రయాణం వికారం కంటే వేవిళ్ళ వికారానికి అల్లం మీద ఆధారాలు మెరుగ్గా ఉన్నాయి. అది కూడా తిప్పడాన్ని తగ్గించడంలోనే, వాంతుల్ని పూర్తిగా ఆపడంలో కాదు. ‘శొంఠి లేని కషాయమా’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. సుక్కుని మించిన మందు లేదని తమిళులూ అంటారు.

గంజి, పేలాల నీళ్ళు, ఉప్పు మజ్జిగ సంగతి ఇంకా పెద్దది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్ దగ్గర, కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. మరణాలు నూటికి 30 దాకా ఉన్నవి 3.6కి పడిపోయాయి. పేగులో చక్కెర ఉన్నప్పుడే ఉప్పూ నీళ్ళూ బాగా లోపలికి ఇంకుతాయి. గంజిలోని పిండి కూడా కడుపులో చక్కెరగా మారేదే. చెంచా చెంచాగా తాగించిన అవ్వకి ఈ లెక్క తెలియదు, కానీ ఆమె చేయి సరైన పనే చేసింది. ఇవాళ ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఉంటే అదే మంచిది. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

నిలవనిది వస. ‘వస పోసిన పిట్ట’ అని గలగల మాట్లాడే పిల్లని అంటాం కదా, ఆ వసే. తమిళంలో వసంబు, ముద్దుగా పిళ్ళై వళర్ప్పాన్, అంటే పిల్లని పెంచేది. కన్నడలో బజె. పసిపిల్లల కడుపునొప్పికి, వాంతికి అరగదీసి నాకించే వాడుక మూడు భాషల్లోనూ ఉంది. విచిత్రం ఏమిటంటే ఆయుర్వేదంలో వాంతి చేయించే మందుల్లోనూ ఇది ఉంది. మోతాదు కాస్త పెరిగితే ఆపాల్సింది పోయి తెప్పిస్తుంది. ఇందులోని బీటా అసరోన్ వల్ల ఎలుకలకి హాని జరిగిందని అమెరికాలో 1968లో దీన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు. మా ఇంట్లో ఈ తరం నుంచి పసిపిల్లలకి వస పోయడం లేదు. సామెత ఉంచుకున్నాం, మందు వదిలేశాం.

వేవిళ్ళ విషయంలో మన పెద్దవాళ్ళ జాగ్రత్తని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. ‘మూడో నెల దాటే దాకా ఏదీ ఘాటుగా వద్దు’ అనేవాళ్ళు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ మాత్రని గర్భిణుల వికారానికి కూడా ఇచ్చారు. 1961లో వెనక్కి తీసుకునేలోపు అనేక దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. ప్రపంచంలో మందుల పరీక్షల చట్టాలు గట్టిపడింది దాని తర్వాతే. నాటు మందైనా కంపెనీ మాత్రైనా గర్భిణికి ఇచ్చే ముందు డాక్టరుని అడగాలన్న నియమం అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నది.

ఇంకో హద్దు కూడా రాసి పెట్టుకుందాం. ఒక రోజంతా ఏదీ నిలవకపోయినా, వాంతిలో రక్తం గానీ పచ్చటి పసరు గానీ పడినా, మూత్రం తగ్గినా, పిల్లలు మగతగా ఉన్నా, తీవ్రమైన తలనొప్పో ఛాతీ నొప్పో తోడైనా డబ్బా మూసేసి ఆసుపత్రికి పోవాలి. ఏడాది లోపు పసివాళ్ళకి తేనె అసలు పెట్టకూడదు. బొటులిజం అనే ప్రమాదం ఉంది.

మీ ఇంట్లో ఏమంటారు?

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక మద్రాసులో ఉండిపోయిన మనలాంటి కుటుంబాలకి ఊరి పొలం లేదు, తెలుగు బడి కూడా క్రమంగా దూరమైంది. పోపుల డబ్బా మాత్రం మిగిలింది. అందులోని సరుకులు ఎక్కడైనా దొరుకుతాయి. పోయేది పేర్లు, మోతాదులు, ఎప్పుడు ఆపాలన్న తెలివి. డల్లాసులోనో సింగపూరులోనో వేవిళ్ళతో ఉన్న మన పిల్ల అర్ధరాత్రి ఫోను చేస్తే ‘కొంచెం శొంఠి వెయ్యమ్మా’ అంటే సరిపోదు. పచ్చిదా ఎండినదా, ఎన్ని చెంచాలు, తిన్నాకా తినక ముందా, అన్నీ చెప్పగలగాలి.

అందుకని చుట్టాలందరికీ ఒక మనవి. మీ ఇంట్లో వికారానికి ఏం వాడతారో రాసి పంపండి. సరుకు పేరు మీకు తెలిసిన అన్ని భాషల్లోనూ రాయండి. కొలత చిటికెడు, గుప్పెడు అని కాకుండా చెంచాలో గ్రాముల్లో చెప్పండి. ఎవరికి ఇవ్వకూడదో కూడా తప్పకుండా చేర్చండి. ఎనభై దాటిన అత్తయ్యలు, మామయ్యలు ఉన్నవాళ్ళు ముందు వాళ్ళని అడిగి రాయండి, మిగతావాళ్ళం తర్వాత పంపుదాం.